రాచడేగకు రెండో సాక్షి

గోదాము కాపలాదారుకు పక్షుల మీద ఏనాడూ మోజు లేదు. కాకికీ కోకిలకీ తేడా అవి అరిస్తేనే తెలిసేది. అలాంటివాడు ఆదివారం పొద్దున్నే మెడలో బైనాక్యులర్స్ వేలాడేసుకుని, బావ చెయ్యి పట్టుకుని గోదాము వెనక చెత్తదిబ్బల్లో నడుస్తున్నాడంటే, అది పక్షి కోసం కాదు. బావ కోసం.

బావ, అంటే అక్క మొగుడు, ముప్పై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాడు. ఎగిరిపోయిన ఒత్తూ జారిపోయిన సున్నా ఆయన కళ్ళు కప్పలేకపోయేవి. ఇప్పుడా కళ్ళే ఆయన్ని మోసం చేస్తున్నాయి. వానాకాలానికల్లా వెలుగూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియదని డాక్టరు తేల్చేశాడు. ఆయన నోటుపుస్తకంలో రెండొందల పైచిలుకు పక్షులున్నాయి. జీవితమంతా వెతికిన రాచడేగ ఒక్కటే లేదు. ఆ పుస్తకానికి రెండు నియమాలు: బతికున్న పక్షినే రాయాలి, పక్కన ఇంకొకరు చూసి సంతకం పెట్టాలి. "ప్రూఫు ఒక్కడే చదివితే తప్పు మిగిలిపోతుందిరా" అంటాడు. ఇన్నాళ్ళూ ఆ రెండో సంతకం అక్కది. మోకాళ్ళు మొరాయించడంతో ఈసారి తమ్ముణ్ణి తోలింది.

నిజానికి ఆ డేగను ముందు చూసింది కాపలాదారే. పది రోజుల కిందట గోడ అవతల ఓ చచ్చిన ఎలుకను తన్నుకుపోయింది. ఫోనులో దాని గుర్తులు చెబితే బావ ఏడ్చినంత పని చేశాడు.

"ఆదివారం దాకా అక్కడే ఉంటుందంటావా?"

"నేను ఉంచుతాగా బావా!"

ఉంచాడు. బస్తాల సందుల్లో నీలిరంగు ఎలకల మందు పెట్టడం, పొద్దున్నే చచ్చినవాటిని ఏరి గోతిలో పూడ్చడం అతని పని. పూడ్చమనేది కంపు కొడుతుందనే అనుకున్నాడు ఇన్నేళ్ళూ. ఈ పది రోజులూ పూడ్చలేదు. ఇంటికొచ్చిన చుట్టానికి వడ్డించినట్టు రోజూ గోడ అవతలికి విసిరాడు. డేగ రోజూ వచ్చి తినిపోయింది.

"ఒరేయ్, గుంత ఉంటే పడకముందు చెప్పు, పడ్డాక కాదు."

"నువ్వు పడితే మా అక్క నన్ను బతకనిస్తుందా?"

"నన్నే బతకనివ్వట్లేదు, నువ్వొక లెక్కా!"

నవ్వుకుంటూ మలుపు తిరిగారు. విరిగిన కరెంటు స్తంభం మొండెం మీద, ఇరవై అడుగుల దూరంలో, డేగ కూర్చుని ఉంది. కాపలాదారు బైనాక్యులర్స్ బావ కళ్ళకు పెట్టి, తలను నెమ్మదిగా అటు తిప్పాడు.

"కనబడిందిరా!" బావ బైనాక్యులర్స్ రెండు చేతులా పట్టుకున్నాడు. "మసగ్గానే అనుకో... కానీ అదే, అదే. ఇంత దగ్గరకొచ్చినా బెదరట్లేదేంట్రా?"

ఎందుకు బెదరట్లేదో కాపలాదారుకు అప్పుడు కనిపించింది. దాని ముక్కు కొసన రక్తం. తల వాలిపోతోంది. స్తంభం మీద కారిన రెట్టలో నీలిరంగు. మందు తిన్న ఎలుకలూ చివర్లో ఇలాగే వెలుతురులోకి వచ్చి, మనిషిని చూసినా కదలకుండా కూర్చుంటాయి. పూడ్చమనేది కంపు కోసం కాదన్నమాట. బావకు చూపించాలనుకున్నదాన్ని చేజేతులా చంపుకున్నాడు.

డేగ తూలింది. పడకుండా ఆపుకోవడానికి రెండు రెక్కలూ బారుగా చాచింది.

"రెక్కలు విప్పింది! విప్పింది కదూ?"

"విప్పింది బావా."

అంతే, స్తంభం వెనక గడ్డిలోకి ఒరిగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు.

"ఏదీ? పోయిందా?"

"పోయింది బావా."

"ఎటు పోయింది? పుస్తకంలో రాయాలి."

కాపలాదారు గడ్డి వైపు చూశాడు. "పైకి."

బావ రాళ్ళ మీద చతికిలబడి, పేజీకి ముక్కు ఆనించి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: రాచడేగ. రెక్కలు విప్పింది. పైకి పోయింది. తప్పులేమైనా దొర్లాయేమోనని అలవాటు కొద్దీ వేలితో ఒక్కో మాటా తడిమాడు. తప్పుల్లేవు. కలం అందించాడు. సంతకం గీసే చేతి గోళ్ళలో నీలిరంగు ఇంకా పోలేదు.

"ఇక నువ్వూ సాక్షివేరా! నీకూ పట్టుకుందా ఈ పిచ్చి?" బావ పెద్దగా నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు. "వచ్చే ఆదివారం మీ అక్కను ఆటోలోనైనా సరే తీసుకొద్దాం. అప్పటిదాకా ఉంచుతావుగా?"

కాపలాదారు బావ చెయ్యి పట్టుకుని, కాలు ఆ గడ్డి మీద పడకుండా, చుట్టుదారిన వెనక్కి నడిపించాడు.