వేడి పప్పు, పల్చటి కవరు

గోదావరిఖనిలో బొగ్గు బాయి గేటు ఎదుట జమున కర్రీపాయింటు పెట్టి పదకొండేళ్లయింది. మొదటి షిఫ్టు వదిలే వేళకు పప్పు, చారు పొగలు కక్కుతుండగానే పల్చటి కవర్లలో పోసి ముడి వేసేది. ఎండాకాలంలో ఒకనాడు బాయి కార్మికుడు సదయ్య డ్యూటీ దిగి వచ్చి, "జమునా, నిన్న పప్పుల ప్లాస్టిక్ వాసనొచ్చిందే" అన్నాడు. ఆ రాత్రి జమున తనింటికి ఒక కవరు తీసుకుపోయి, విప్పి రుచి చూసింది. నిజమే.

సెంటినరీ కాలనీకి ఆహార పరీక్షల బండి వచ్చిందని విని, పప్పు కవరు పట్టుకుని వెళ్లి వరుసలో నిలబడింది. బండిలో పరీక్షలు చేసే అమ్మాయి పేరు సుమైరా.

"అక్కా, పాలల్ల నీళ్లు, కారంల రంగు ఇక్కడ తెలుస్తయి. కవర్ల నుంచి దిగేది ఈ బండిల తెల్వది. హైదరాబాద్ పంపాలె. కూర గాదు, వాడని కవర్లు కావాలె. అండ్ల వేడి నూనె పోసి, ఏం దిగిందో చూస్తరు."

జమున మర్నాడే కొత్త కవర్ల కట్ట తెచ్చిచ్చింది.

"నీ దుకాణంలయేనా? బాగలేవని వస్తే నీ గిరాకే పోతది గదక్కా!"

"తెలుసుకోవాలె మేడం. రోజూ తినేటోళ్లకు పోసేది నేనే గద."

రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ కూర కాస్త ఆరనిద్దామని చూసింది. కాని అలిసి వచ్చినవాళ్లు ఆగలేదు. "జల్ది కట్టు, బస్సు పోతది" అనేవారు. కట్టేది. ముడి వేసిన ప్రతిసారీ మనసు చివుక్కుమనేది.

చివరికి సుమైరా హైదరాబాద్ నుంచి వచ్చిన రిపోర్టు కాగితం తెచ్చి చదివింది. వేడి నూనెలోకి కవరు ప్లాస్టిక్ అనుమతించిన దానికంటే ఎక్కువే దిగింది.

"పదకొండేండ్ల సంది పోస్తున్న. ఎవలకన్న ఏమన్న అయ్యుంటదా?"

"అది ఈ కాగితంల ఉండదక్కా. నేను గూడ చెప్పలేను."

తిట్టినా బాగుండేదనిపించింది జమునకు. కవర్ల కట్టలన్నీ దించేసి, డబ్బాలు తెచ్చుకొమ్మని అందరికీ చెప్పింది. వారం తిరిగేసరికి సగం మంది పక్క దుకాణానికి మళ్లారు. సదయ్య మాత్రం ఎంగిలి టిఫిన్ డబ్బా చూపిస్తూ నిలబడ్డాడు.

"పొద్దున తిన్న డబ్బా బిడ్డా. బాయిల ఎక్కడ కడగాలె?"

జమున అందుకుని, దుకాణం వెనక నల్లా కింద కడిగి, పప్పు పోసిచ్చింది. మర్నాడు అట్లాంటివి ఆరు వచ్చాయి. ఆ పై వారానికి ఇరవై. మూతల అంచుల్లో బొగ్గు నుసి ఓ పట్టాన వదిలేది కాదు.

ఇప్పుడు షిఫ్టు వదిలిన గంటకే ఆమె నడుము పట్టేస్తుంది. పోయిన గిరాకీ తిరిగి రాలేదు. పక్క దుకాణంలో కవర్లు వేలాడుతూనే ఉన్నాయి. ఒక రోజు చివరి డబ్బా కడిగి బోర్లించి, జమున నల్లా పక్కనే కాసేపు కూలబడింది.