పొలమారిన ట్యాంకు

ముసుగు, చేతి తొడుగులు వేసుకుని మందుల ఫ్యాక్టరీ లోపలికి రాగానే ట్యాంకక్క మొదటి పలకరింపు స్టీలు ట్యాంకుకే. "ఏమ్మా, రాత్రి నిద్రపట్టిందా?" అందులో ఉన్నవి కోటానుకోట్ల జీవకణాలు. మేత పోస్తే చాలు, కీళ్ళవాపుకి మందయ్యే ప్రొటీన్ తయారుచేసి పెడతాయి. వాటి వేడి, గాలి, మేత చూసుకోవడమే ఆమె ఉద్యోగం, అందుకే అందరికీ ఆమె ట్యాంకక్క. కన్నతల్లి కూడా అంత చూసుకోదనుకోండి!

ఆ రోజు ట్యాంకుకి పొలమారింది. ఖళ్ళుఖళ్ళున ఒకటే దగ్గు.

"ఎవరో తలుచుకుంటున్నారు," అన్నాడు మేనేజరు, మూత మీద రెండు దెబ్బలు తట్టి. "దిగుబడి కూడా పడిపోతోంది. ఇంకాస్త మేత పొయ్యండి."

"పొలమారినవాళ్ళ నోట్లో ముద్దలు కుక్కుతారా సార్? అసలే ఒత్తిడికి తట్టుకోలేక చస్తున్నాయవి. మేత తగ్గించి కాస్త చల్లబరుద్దాం. పిల్లల్ని కనడం మానేసి బుద్ధిగా పనిమీద కూర్చుంటాయి."

ఆయన సరేనన్నాడు. చల్లబరిచాక కణాలు చావడం తగ్గింది గానీ దగ్గు ఆగలేదు. ఈ బ్యాచ్ పాడైతే మందు మళ్ళీ ఎప్పటికో! గ్లాసు కూడా పట్టుకోలేకుండా వేళ్ళు బిగుసుకుపోయిన ఆమె సొంత చెల్లెలు ఆ మందు కోసమే ఎదురుచూస్తోంది. ట్యాంకక్కకి అప్పుడు వెలిగింది. బయటికి పరిగెత్తి చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఏం చేస్తున్నావే?"

"ఏముందక్కా, మీ ట్యాంకునే తలుచుకుంటున్నా. పొద్దస్తమానం అదే ధ్యాస."

"నీ దుంపతెగ! నీ వల్లే దానికి ఊపిరాడట్లేదు. ఇంకెవరినైనా తలుచుకో."

"ఎవర్ని? మా ఆయన ఎదురుగానే ఉన్నాడుగా!"

"అయితే నన్ను తలుచుకో. తిట్టుకుంటావో, ఏం చేస్తావో నీ ఇష్టం."

లోపల దగ్గు ఆగి, సన్నగా గురక మొదలైంది. అప్పట్నుంచి పొలమారడం ట్యాంకక్క వంతైంది. ముద్ద మింగితే దగ్గు, గుక్క తాగితే దగ్గు. క్యాంటీన్‌లో ఎవరో ఒకరు ఆమె నెత్తిమీద తట్టాల్సిందే. ఆమె మాత్రం కళ్ళు తుడుచుకుంటూ హాయిగా దగ్గింది. బ్యాచ్ బాగా వచ్చింది. మందు సీసాల్లోకెక్కి, చెల్లెలికీ చేరింది.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో, మేనేజరు ఎదురుగానే, గ్లాసెడు నీళ్ళు గటగటా తాగేసింది. పొలమారలేదు. చెల్లికి ఏమైందో ఏమో! వెంటనే ఫోన్ చేసింది.

"అబ్బా, తర్వాత చెయ్యక్కా! పాపకి జడ వేస్తున్నా. సగంలో వదిలేస్తే చిక్కుపడుతుంది," అని టక్కున పెట్టేసింది చెల్లెలు.

జడా? ఆ వేళ్ళతోనా! ట్యాంకక్క ఆనందం పట్టలేకపోయింది.

"మా చెల్లి నన్ను మర్చేపోయింది సార్!" అని క్యాంటీనంతా వినపడేలా అరిచింది.