అంచు మీద ఎర్రబస్సులు

గద్వాలలో భానుప్రకాశ్ నడిపే నెట్ సెంటర్‌కు కొత్త తద్దినం వచ్చిపడింది. క్యాబిన్ల తలుపులు పీకేశారు. ఎవరు ఏం చూసినా, ఏం పంపినా దాని నకలు భానుప్రకాశ్ మెషీన్లో చేరి, వారానికోసారి సీడీలో ఠాణాకు పోవాలట! పైనుంచి ఆర్డరట. ఎవడో ఒక దొంగ కోసం ఊరందరి ఉత్తరాలూ విప్పి చూస్తారా? మెయిల్ పంపడానికొచ్చిన నేతగత్తె యమునకు ఒళ్లు మండిపోయింది.

మండదూ మరి! నెలల తరబడి గీసుకున్న కొత్త చీర అంచు ఆమె సంచిలో ఉంది. దాన్ని హైదరాబాద్ సేటుకు మెయిల్ చేయాలి. ఆయనకు నచ్చితే ఏడాదంతా మగ్గానికి పనే పని. కానీ చీర మగ్గం దిగేదాకా కొత్త అంచును నేతగాళ్లు పక్కింటివాళ్లకు కూడా చూపించరు. చూపించారో, అది పక్క మగ్గం ఎక్కేస్తుంది.

మెషీన్ పక్కన కాపలా కూర్చున్న కానిస్టేబుల్ బాలస్వామి వాళ్ల వీధివాడే. "ఏం చెల్లె, తప్పు చేసెటోళ్లకు గదా భయం," అన్నాడు.

"తానం చేసేటప్పుడు తలుపేసుకుంట అన్నా. తప్పు చేస్తున్ననా?"

సెంటరంతా గొల్లుమని నవ్వింది. బాలస్వామి మీసం సర్దుకున్నాడు. "చూసేది సర్కారు. నేను కాదు."

"సర్కారుకు కండ్లేడున్నయి? నీ మొకానికే గదా ఉన్నయి. గా కండ్లతోనే ఇంటికి పోతవు."

అసలు చిక్కు అదే. బాలస్వామి బామ్మర్ది తిమ్మప్పకూ మగ్గాలున్నాయి. అది గుర్తుకు రాగానే యమునకు కొంటె ఆలోచన వచ్చింది. సంచి విప్పలేదు. ఒక తెల్లకాగితం అడిగి, అక్కడికక్కడే అంచు పొడుగునా ఎర్రబస్సులు గీసింది. ప్రతి బస్సు టాపు మీదా ఓ కోడిపుంజు! స్కాన్ చేయించి, "సేటూ, ఈ యేడు హైదరాబాద్‌ల గిదే ఫ్యాషన్" అని రాసి దర్జాగా పంపేసింది. అసలు అంచును తల్లి రేణుకమ్మ రవికెలో దోపుకుని హైదరాబాద్ బస్సెక్కింది. సేటుకు నచ్చింది. మగ్గం ఆడింది.

కొన్నాళ్లకు అమరచింతలో ఓ పెళ్లి. పందిట్లోకి బాలస్వామి భార్య సుగుణ కొత్త చీర కట్టుకుని కొంగు ఊపుకుంటూ వచ్చింది. అంచు నిండా ఎర్రబస్సులు! టాపుల మీద కోడిపుంజులు! యమునకు లడ్డూ పొలమారింది. రేణుకమ్మ నవ్వు ఆపుకోలేక కూలబడింది.

"ఏడ దొరికింది వదినా?" అడిగింది యమున.

"మా తమ్ముడు నేసిండు. హైదరాబాద్‌ల గిదే ఫ్యాషనట!"

పక్కనే ఉన్న భానుప్రకాశ్ గుడ్లు తేలేశాడు. "గా మాట నా మెషీన్లది గదక్కా!"

బాలస్వామి మొహం మాడిపోయింది. "దొంగతనం చెయ్యలే చెల్లె. అన్నం తినుకుంట ఇంట్ల జర చెప్పిన, గంతే."

"చెప్తవన్నా, ఎందుకు చెప్పవు? మనిషివి గదా! నావి ఉత్త బస్సులు గాబట్టి నవ్వుతున్న. రేపు ఎవలదన్న దవాఖాన కాయితం గిట్లనే బయటపడితే?"

బాలస్వామి భానుప్రకాశ్ చెవి దగ్గరకు వంగాడు. "మొన్న నేను గూడ ఆడ కూసొని మెయిల్ కొట్టిన. ఎస్సై నాతోని ఇంటికి కూరగాయలు తెప్పిస్తుండని పెద్దసారుకు. గది గూడ సీడీల పడ్డదా?"

"పడ్డది సార్. రేపు పొద్దుగాల ఎస్సై సారు టేబుల్ మీదికి పోతది."

బాలస్వామి చేతిలో లడ్డూ నేల మీద పడింది. "రేపటిదాంక ఏంది? ఇప్పుడే పోయి గా సీడీ తీసి, వైరు గూడ పీకుదాం పా!" అంటూ భోజనం కూడా చేయనీయకుండా భానుప్రకాశ్‌ను బస్టాండుకు లాక్కుపోయాడు.