బావగారి నల్లనీళ్లు

ఊరి చెత్తంతా పోసే గుట్ట అడుగు నుంచి నల్లటి నీళ్లు ఊరుతుంటాయి. కాలిన నూనెలా చిక్కగా, ముక్కుపుటాలు మండేంత కంపుతో. ఆ నీళ్లను పెద్ద తొట్టిలోకి మళ్లించి, అందులో వేలాడే ఇనుప పలకలకు కరెంటు ఇస్తే, ఇనుము కొద్దికొద్దిగా కరిగి మురికిని గడ్డ కట్టిస్తుంది. బుడగలు ఆ గడ్డల్ని తెట్టులా పైకి తేలుస్తాయి. ఈ పని చూసుకునే కెమిస్టు ఒక ఇంటి చిన్నకోడలు. ప్లాంటు మేనేజరు ఆమె భర్తకు స్వయానా అన్న. ఆమె ఆయన్ని 'బావగారూ' అనే పిలుస్తుంది. మనసులో మాత్రం 'గారు' ఎప్పుడో రాలిపోయింది.

బావగారికి ప్లాంటు గురించి తెలిసినవి రెండే. దానికి నీలం రంగు బాగుంటుందని, గేటు మీద తన పేరు ఇంకా బాగుంటుందని. పలకలు అరిగి జల్లెడలయ్యాయనీ, వాటి మీద పెచ్చు కట్టి కరెంటు పారడం లేదనీ ఆమె మొత్తుకున్నప్పుడల్లా, "ఇనుమేగా అమ్మా, అరిగినా ఇనుమే కదా!" అనేవాడు, వేదాంతం బోధిస్తున్నట్టు.

పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడనగానే మాత్రం ఆయనకు కాలు నిలవలేదు. తనిఖీ రోజు ఉదయం ఆమె వచ్చేసరికి ఎవరో తీగబ్రష్షుతో తోమిన పలకలు తళతళలాడుతున్నాయి. తొట్టి నిండా గోధుమరంగు నీళ్లు. వంగి వాసన చూసింది. కంపు లేదు సరికదా, కమ్మగా ఉంది.

"బావగారూ, ఇది టీ కదా?"

"డికాషన్. పాలు పోయలేదులే," అన్నాడాయన గర్వంగా. "కరెంటు పారాలని ఉప్పు కూడా వేయించా. గుట్ట నీళ్లు ఈ పలకలకు లొంగవన్నావుగా? టీ అయితే లొంగుతుంది. నువ్వు నోరు మెదపకుండా స్విచ్చి వెయ్యి, చాలు."

ఆమెకు నవ్వు పొంగుకొచ్చింది. ఇనుము తగిలితే టీ ఏమవుతుందో చదువుకునే రోజుల్లో కళ్లారా చూసింది. చెబుదామా అనుకుంది. ఈ దున్నపోతు మీద ఎన్ని వానలు కురవలేదు గనక! నోరు మెదపొద్దన్నాడు, మెదపలేదు.

అధికారి పరివారంతో దిగాడు. అందరి ముక్కుల మీదా అత్తరు రుమాళ్లే. వాసన చూసే ధైర్యం లేనివాళ్లు వాసన పోయిందో లేదో తేల్చడానికి వచ్చారన్నమాట. ఆమె స్విచ్చి వేసింది.

ముందు పలకల చుట్టూ ఊదారంగు చారలు లేచాయి. తర్వాత నీలం, ఆపైన నలుపు. చూస్తుండగానే తొట్టి తొట్టంతా సిరాబుడ్డి అయిపోయింది.

"ఏమయ్యా, నీ యంత్రం నీళ్లు కడుగుతుందా, మసి పూస్తుందా?" అన్నాడు అధికారి.

బావగారి నుదురు చెమటలు కక్కింది. "ఒక్క క్షణం సార్, విరిగి తెల్లబడుతుంది... అమ్మా, చెప్పమ్మా సార్‌కి!"

"చెబుతా," అంది ఆమె. "టీలో ఇనుము కలిస్తే సిరా అవుతుంది సార్. ఇవి గుట్ట నీళ్లు కావు. మీకోసం కాచిన టీ."

అధికారి రుమాలు తీసి ముక్కు ఎగబీల్చాడు. కోప్పడతాడేమోనని చూసిందామె. ఆయన ముసిముసిగా నవ్వాడు. "సర్లేవయ్యా, ఈసారికి ఏదో కానిచ్చేద్దాం" అంటూ కారు వైపు తిరిగాడు. దొందూ దొందే అనుకుంది.

అప్పుడు తట్టిందామెకు. నిన్న సాయంత్రం తొట్టి అంచుల దాకా నల్లనీళ్లున్నాయి. నవ్వు చప్పున చల్లారిపోయింది.

"బావగారూ, ఇందులో ఉన్న నీళ్లేం చేశారు?"

ఆయన నేల చూపులు చూశాడు. "కాలువలోకి... పొద్దున్నే వదిలించా. ఎప్పటికైనా పోయేవేగా!"

అధికారి గిరుక్కున వెనక్కి తిరిగాడు. "ఏ కాలువ?"

ఆ కాలువ గుట్ట కింది బస్తీలోంచి మాత్రమే పోయి ఉంటే, ఆయన నవ్వుతూనే కారెక్కేవాడు. కానీ అది బస్తీ దాటి ఆయన క్వార్టర్ల పెరటి పక్క నుంచి కూడా పోతుంది. ధర్మం అప్పుడు గుర్తొచ్చిందాయనకు. ఎంత గట్టిగా గుర్తొచ్చిందంటే, ఆయన అరుపులకు గుట్ట మీద కాకులన్నీ లేచిపోయాయి.

వాళ్లను అక్కడే వదిలేసి ఆమె బస్తీకి పరుగెత్తింది, కాలువ నీళ్లు ముట్టుకోవద్దని చెప్పడానికి.

"ముట్టుకోవడం ఎప్పుడో మానేశాం తల్లీ," అంది గుమ్మంలో కూర్చున్న ముసలమ్మ. "ఇన్నాళ్లూ మమ్మల్ని అడిగిందెవరు?"

బావగారిని ప్లాంటు నుంచి తప్పించి లారీల షెడ్డుకు పంపారు. ఇంట్లో ఆయన ఆమెతో మాట మానేశాడు. అదొక్కటే ఆయన ఇంటికి చేసిన ఉపకారం. అత్తగారు మాత్రం ఊరుకోలేదు.

"ఇంటి గుట్టు బజారుకీడ్చావు కదే!"

"గుట్టు కాదత్తయ్యా, గుట్ట. ఎంత కప్పెట్టినా కంపు ఆగదు."

పక్క గదిలో భర్త నవ్వాపుకోలేక దగ్గు నటించాడు.

కొత్త పలకలొచ్చాయి. అసలు నీళ్లు పోసి కరెంటిస్తే తెట్టు బుసబుసా పొంగింది. అడుగున మిగిలిన నీళ్లు ఎండుగడ్డి రంగుకు దిగాయి. ఘాటు మాత్రం పోలేదు. దానికి వేరే రకం పలకలతో రెండో తొట్టి కావాలి. కొత్త మేనేజరు ఆ నీళ్లను గాజుగ్లాసులో పట్టి, "శుభ్రమైపోయాయిగా, ఫొటో తీయిద్దామా?" అన్నాడు.

"ముందు వాసన చూడండి," అని గ్లాసు ఆయన ముక్కు దగ్గర పెట్టిందామె.