గ్రాఫిక్స్ కార్డుకు గాలిదారి

మే నెలలో సత్తుపల్లి ఎండను తిట్టని నోరు ఉండదు. అలాంటి ఎండలో, సిమెంటు రేకుల కప్పు కింద, ఉన్న ఒక్క కిటికీ కూడా బిగించుకొని ఒక ఆడపిల్ల కంప్యూటర్ ముందు కూర్చుందంటే పిచ్చయినా పట్టి ఉండాలి, పనైనా పడి ఉండాలి. మహిమకు పడింది పనే. కాకపోతే ఆ రోజు పొద్దున్నుంచి ఆ పని ఆమెకు పిచ్చెక్కిస్తోంది.

హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియో ఆమెకు పరీక్ష పెట్టింది. పర్ణశాల రేవులోకి పడవ వచ్చి ఆగే దృశ్యం, నిడివి పది సెకన్లు. సాయంత్రం ఆరు లోపు పంపాలి. నచ్చితే ఉద్యోగం, అదీ సొంత ఊళ్ళో కూర్చొని చేసుకునే ఉద్యోగం. రెండేళ్లుగా ఫొటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లలో పెళ్లికొడుకుల మొహాలు తెల్లగా చేసీ చేసీ విసిగిపోయిన మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

పది సెకన్లే కదా అనుకునేరు. ఆ పది సెకన్లలో రెండు వందల నలభై బొమ్మలున్నాయి. నీటి మీద మెరుపు, పడవ నీడ, అన్నీ లెక్కగట్టి ఒక్కో బొమ్మ గీయడానికి కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డుకు ముప్పావు నిమిషం పడుతుంది. గీసేకొద్దీ కార్డు వేడెక్కుతుంది. తొంభై డిగ్రీలు దాటిందా, కంప్యూటర్ టప్పున ఆగిపోతుంది. అది చల్లారే వరకు ఆగి, మళ్ళీ మొదలుపెడితే నాలుగు బొమ్మలు గీసి మళ్ళీ టప్పు. మధ్యాహ్నం పన్నెండున్నరకు ముప్పై బొమ్మలు పూర్తయ్యాయి. మిగిలినవి రెండు వందల పది.

సాయం చెయ్యని వాళ్ళు లేరు. వాళ్ళమ్మ ఇన్నమ్మ ముందుగదిలోని కూలర్ ఈడ్చుకొచ్చి, దాని మూతి కంప్యూటర్ వైపు తిప్పి, చల్లదనం బయటికి పోతుందని తలుపులూ కిటికీ మూసేసింది. అరగంటకు గది ఇడ్లీ పాత్ర లోపలిలా తయారైంది. గోడలు చెమర్చాయి, మహిమ జాకెట్టు వీపుకు అతుక్కుంది. కార్డు మాత్రం తొంభై ఒకటి చూపించి మళ్ళీ పడుకుంది.

అప్పుడు వాళ్ళ నాన్న అంతోనయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కొత్తగూడెం వైపు భూగర్భ గనుల్లో ముప్పై రెండేళ్లు మజ్దూర్‌గా పనిచేసి, రిటైరై రెండేళ్లయింది. అప్పటి నుంచి ఆయనకు చేతినిండా ఖాళీయే. ఇంట్లో పనిచేసేది కూతురు ఒక్కతే, ఆ పనేమో ఆయనకు అంతుపట్టదు.

"బిడ్డా, గీ కూలర్ గాలి ఏడికి పోతుంది?" అని అడిగాడు.

"ఏడికి పోతది నాన్నా, గదిలనే ఉంటది."

"గదిలనే ఉంటే చల్లగెట్లయితది? వచ్చిన గాలి పోవాలె గదా. మా బాయిల..."

"నాన్నా, ఇది బొగ్గు బాయి కాదు, కంప్యూటర్! నీకు తెల్వదు. జర ఊకో."

అంతోనయ్య తప్పు చేసినవాడిలా తలూపి, వరండాలోకి పోయి కుర్చీలో కూర్చున్నాడు. ఆ తలూపడం మహిమ చూసింది. అరిచింది వేడి మీద, తగిలింది నాన్నకు. అయినా వెళ్ళి మాట్లాడే తీరిక ఎక్కడిది, మళ్ళీ మీట నొక్కింది. మరో నాలుగు బొమ్మలు. టప్పు.

ఒంటిగంటన్నర. లెక్క వేసుకుంది. మూడు లోపు మొదలై, ఆగకుండా నడిస్తే తప్ప ఆరుకు అందదు. లేచి వరండాలోకి నడిచింది.

"నాన్నా, ఇందాక ఏదో చెప్పబోయినవు. ఇప్పుడు చెప్పు. తప్పయింది, మాట జారిన."

ఆయన అలిగే మనిషయితే కథ ఇక్కడే ముగిసేది. ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు, ఉన్నది పక్కగదే అయినా సరే. లోపలికి రాగానే ముందు కూలర్ స్విచ్ తీసేశాడు. మరియమ్మ పటం దగ్గరి నుంచి ఒక అగరవత్తి తెచ్చి వెలిగించి, మహిమతో మళ్ళీ మీట నొక్కించి, కంప్యూటర్ వెనక పట్టుకున్నాడు.

"పొగ దిక్కు చూడు," అన్నాడు.

కార్డు వదిలిన వేడికి పొగ పైకి లేచింది. రేకుల దాకా పోయి, దారి లేక, గోడ వెంట దిగి, చక్కగా చుట్టు తిరిగి వచ్చి కంప్యూటర్ ముందున్న రంధ్రాల్లోకే దూరింది. మహిమ నోరు తెరిచింది. పొద్దున్నుంచి ఆ కార్డు తాను వదిలిన వేడినే తాను పీలుస్తోంది.

"బాయిల గిట్లయితే మనిషి బతకడు," అన్నాడు అంతోనయ్య. ఆయన గొంతు మారిపోయింది, ఇల్లంతా వినపడేలా మాట్లాడుతున్నాడు. "నేను చేసిన పనే గిది. పరదాలు కట్టుడు, గాలిని మళ్లించుడు. వచ్చే గాలికి ఒక తొవ్వ, పోయే గాలికి ఒక తొవ్వ. రెండూ కలువొద్దు. ఇంకొకటి యాదిల ఉంచుకో, బాయి మీద పెద్ద ఫ్యాన్ లోపలికి ఊదదు, బయటికి గుంజుతది. గుంజితే కొత్త గాలి దానంతటదే వస్తది."

"మరి మనకు పోయే తొవ్వ ఏది?"

ఆయన పడమటి గోడ పైకి చూశాడు. అక్కడ ఒకప్పుడు వెంటిలేటర్ ఉండేది. అడవి వైపు నుంచి వచ్చే కోతులు దూరుతున్నాయని ఇంటి ఓనరు వెంకటప్పయ్య దానికి ఇటుకలు పెట్టి సిమెంటు పూయించాడు. అంతోనయ్య స్టూలెక్కి గడ్డపారతో రెండు దెబ్బలు వేశాడో లేదో, ముందు వాటాలో కునుకు తీస్తున్న వెంకటప్పయ్య పైపంచ సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటయ్యా అంతోనయ్యా, ఇల్లు పడగొట్టేస్తున్నావా ఏంటి?"

"వెంటిలేటర్ తెరుస్తున్న అండి. రేపు నేనే ఇనుప జాలీ కొట్టిస్త."

"కోతులొస్తే?"

"కోతులు సుత ఈ గదిల ఉండవండి, జర లోపలికి రాండ్రి."

వెంకటప్పయ్య లోపలికి ఒక్క అడుగు వేసి, రెండో అడుగు వెనక్కి వేశాడు. పామాయిల్ తోటలో మండుటెండలో తిరిగే మనిషి, ఆయనకే ఊపిరాడలేదు. "అమ్మో, ఈ కుంపట్లో పిల్లనెలా కూర్చోబెట్టావయ్యా!" అని తిట్టి, గడ్డపార లాక్కుని మిగిలిన ఇటుకలు తానే రాలగొట్టాడు. కట్టించింది ఆయనే కాబట్టి ఎక్కడ కొడితే ఊడుతుందో ఆయనకు బాగా తెలుసు.

తర్వాత టేబుల్ ఫ్యాన్‌ను బీరువా మీద పెట్టి, మొహం వెంటిలేటర్ వైపు, వీపు గది వైపు తిప్పాడు అంతోనయ్య. మనుషులకు వీపు చూపించే ఫ్యాన్‌ను ఇన్నమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. "గాలి కోతులకు పెడుతున్నవా ఏందయ్యా?" అంది. కంప్యూటర్ వెనక నుంచి ఫ్యాన్ దాకా గొట్టంలా చుట్టడానికి గట్టి పరదా కావాలి. ఇల్లంతా వెతికితే దొరికింది ఒక్కటే, ఆయన రిటైరైన రోజు తోటి పనివాళ్ళు కట్టించిన ఫ్లెక్సీ. దాని మీద దండ వేసుకొని నవ్వుతున్న అంతోనయ్య ఉన్నాడు.

"అది వద్దు నాన్నా, ఖరాబయితది," అంది మహిమ.

"మడిచి పెట్టి లాభమేంది? చుట్టు."

చుట్టారు. ఫ్లెక్సీ మీది ఆయన మొహం సగం కంప్యూటర్ వెనక, సగం బీరువా పక్కన తేలింది. ఉత్తరం కిటికీ బార్లా తెరిచారు. రెండున్నరకు మహిమ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకొని మీట నొక్కింది.

అరవై ఎనిమిది. డెబ్భై నాలుగు. డెబ్భై ఏడు. అక్కడ ఆగింది. పది బొమ్మలు, ఇరవై, ముప్పై. మహిమ కుర్చీలోంచి లేచి వాళ్ళ నాన్న భుజం పట్టుకొని ఊపేసింది.

సరిగ్గా మూడింటికి ఊరి పక్కనున్న ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని వైపు నుంచి సైరన్ వినిపించింది. పేలుళ్ల సైరన్. ఆ ఊళ్ళో ఆ సైరన్ కూస్తే దుమ్ము రాకుండా కిటికీలు మూసుకుంటారు, ఎవరూ ఆలోచించి చేసే పని కాదది. వంటింట్లో ఉన్న ఇన్నమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఉత్తరం కిటికీ మూసి, గడియ పెట్టి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. అంకెలు చూస్తున్న తండ్రీకూతుళ్లు అది గమనించనే లేదు.

ఎనభై మూడు. ఎనభై ఆరు.

"నాన్నా, పెరుగుతుంది!"

అంతోనయ్య కంప్యూటర్ వైపు చూడలేదు. చెయ్యి గాల్లో పెట్టి చూశాడు. "గాలి వస్తలేదు," అని వెనక్కి తిరిగి, "కిటికీ! ఇన్నమ్మా, కిటికీ ఎవలు బంద్ చేసిండ్రు?" అని కేకేశాడు.

"సైరన్ కూసింది గదయ్యా! దుమ్మంతా లోపలికొచ్చి దాని మిషన్ల పడితే?"

ఎనభై తొమ్మిది. ఆయన ఒక్క గుంజుతో కిటికీ తెరిచాడు. ఇన్నమ్మ చెప్పింది కూడా తప్పేం కాదు, దుమ్ము కార్డుకు శత్రువే. ఆయన దండెం మీది ఆమె పాత నూలు చీరను బకెట్‌లో ముంచి, పిండి, కిటికీకి అడ్డంగా కట్టాడు. ఫ్యాన్ గుంజుతుంటే తడి చీర లోపలికి పొంగింది. దుమ్ము చీరకు అంటుకుంది, గాలి చల్లబడి లోపలికి వచ్చింది. ఎనభై తొమ్మిది చాలాసేపు కదల్లేదు. మహిమ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఎనభై రెండు. మరో పది నిమిషాలకు డెబ్భై ఒకటి, అంతకుముందు కన్నా నయం.

"నా చీరకు సుత ఉద్యోగం దొరికింది," అంది ఇన్నమ్మ, పావుగంటకోసారి దాని మీద నీళ్లు చల్లుతూ.

ఐదుంబావుకు చివరి బొమ్మ పూర్తయింది. ఐదు గంటల నలభై నిమిషాలకు పడవ హైదరాబాద్ చేరింది. మహిమ అక్కడే నేల మీద వెల్లకిలా పడుకుంది. రేకుల కింద ఆ గదిలో ఆ మే నెలలో మొదటిసారి ఆమెకు హాయిగా అనిపించింది.

ఆరున్నరకు ఫోన్ మోగింది. స్టూడియోలో పని అప్పగించే ఉదయశ్రీ. మహిమ స్పీకర్ పెట్టింది.

"నీళ్ళు చాలా బాగా వచ్చాయి మహిమా. సోమవారం నుంచి మొదలుపెడదాం. ఒక్క సందేహం. ఎండాకాలంలో మెషిన్ ఆగిపోయిందని చెప్పేవాళ్ళే ఎక్కువ మాకు. మీ గదికి ఏసీ ఉందా?"

"ఏసీ లేదు మేడమ్," అంది మహిమ. "వెంటిలేషన్ ఆఫీసర్ ఉన్నారు. ముప్పై రెండేళ్ల అనుభవం."

అవతల ఉదయశ్రీ నవ్వి, సరేనని ఫోన్ పెట్టేసింది. ఇవతల అంతోనయ్య నవ్వలేదు.

"గట్ల చెప్పొద్దు బిడ్డా. వెంటిలేషన్ ఆఫీసర్ అంటే పెద్ద చదువు చదివినోళ్లు. మేము లేచి నిలబడి నమస్తే పెట్టేటోళ్లం. నేను పరదాలు కట్టే మజ్దూర్‌ని."

"అది ఆ బాయిల నాన్నా. ఈ బాయికి మేనేజర్‌ని నేను. పోస్ట్ ఇచ్చింది నేనే. వద్దంటే చెప్పు, వేరేటోళ్లను చూసుకుంట."

ఆయన కళ్ళు తుడుచుకొని, పాపం, దుమ్మును తిట్టాడు. తర్వాత గంభీరంగా అడిగాడు.

"సోమవారం ఏ షిఫ్ట్?"

"ఫస్ట్ షిఫ్ట్."

"ఓర్నాయనో," అంది ఇన్నమ్మ కిటికీ దగ్గర్నుంచి. "మళ్ళ ఐదింటికి లేచి క్యారియర్ కట్టాల్నా ఏంది నేను?"

"కట్టాలె మరి," అన్నాడు అంతోనయ్య. "డ్యూటీకి పోయేటోణ్ణి."