ఉప్పు చెయ్యి

చాకవేలులో పాపన్న ఇంట పండగ వంటను దేవుడి కంటే ముందు ఎవరూ రుచి చూడకూడదు. నాలుక సాయం లేకుండానే ఉప్పు వేయాలి. అందుకే ఆ పని ఇంటి పెద్ద ఆడమనిషి చేతికే చెందుతుంది. అత్త పోయినప్పటినుంచి ఆ చెయ్యి పాపన్న భార్య అక్కయమ్మది. ఉగాదినాడు ఓళిగల కోసం, అంటే బొబ్బట్ల కోసం, ఉడికించిన పప్పు వార్చి, ఆ కట్టుతో సారు కాచినప్పుడు, ఆమె పిడికిలి ఒక్కసారి తెరుచుకునేది. రెండోసారి చూసుకోవాల్సిన పని ఎన్నడూ రాలేదు.

పందొమ్మిది వందల యాభై ఎనిమిది ఉగాదికి ముందు చలికాలంలో ఆమెకు జ్వరం పట్టుకుంది. బాగేపల్లి డాక్టరు మందుకు జ్వరం దిగింది గానీ నోటికి రుచి, ముక్కుకు వాసన తిరిగి రాలేదు. బెల్లం ముక్క మట్టిపెళ్లలా ఉండేది. ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే, ఎవరూ నోరెత్తి ఏమీ అనకుండానే, ఉప్పు కుండ మెల్లగా కోడలి పక్కకు జరుగుతుంది. ఆ మర్యాదంటేనే ఆమెకు భయం.

పండగ పొద్దున సారు మరుగుతుంటే ఉప్పు వేసింది. పక్కకు తిరిగి రెండు ఓళిగలు తట్టింది. మళ్లీ పొయ్యి వైపు చూసేసరికి మనసు తడబడింది. వేసిందా? ఇన్నేళ్లూ ఆవిరి మొహానికి తగిలితే చాలు, సారు కుదిరిందని తెలిసిపోయేది. ఇప్పుడు ఆవిరి వట్టి వేడి. వేశానని చెయ్యి అంటోంది. మనసు నమ్మడం లేదు. కోడలిని అడగవచ్చు. అడిగితే ఎందుకడిగిందో చెప్పాలి.

ఇంకో పిడికెడు వేసింది.

పెనం దగ్గరున్న కోడలు చెన్నమ్మ అది చూసింది. అత్త ఉప్పు వేసేటప్పుడు కోడలు మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో లేదు.

నైవేద్యం అయింది. పాపన్న, ఆయన తమ్ముడు నంజప్ప ఆకుల ముందు కూర్చున్నారు. వంటింట్లో చెన్నమ్మ అరచేతిలో సారు పోసుకుని నాలుకకు తగిలించింది. మొహం ముడుచుకుపోయింది.

"అత్తా, ఉప్పు రెండుసార్లు పడిండాది. నోట్లో పెట్టేదానికి లేదు."

అక్కయమ్మ గోడకు చెయ్యి ఆనించింది.

"నేనే తెలీక ఏసినానని చెప్తాలే," అంది చెన్నమ్మ. "తిట్టేదేదో నన్నే తిట్టనీ."

ఆ దారి ఎంతో సులువు. తన చెయ్యి నిలుస్తుంది. చెన్నమ్మ చేతిని మాత్రం ఈ ఇల్లు ఇక నమ్మదు. అక్కయమ్మ కోడలి మొహంలోకి చూసింది. నెలల తరబడి మోస్తున్నది ఇక మోయలేననిపించింది. నడవాలోకి నడిచింది.

"వినండప్పా. సారులో ఉప్పు రెండుసార్లు ఏసింది నేనే. జ్వరం వచ్చినప్పట్నుంచి నా నాలికకు ఏ రుచీ తెలీదు."

"దేవుడు తిన్న్యాడు గదా వదినా," అన్నాడు నంజప్ప. "ఏమీ అన్లేదే?"

"ఆయప్ప నోరు తెరిస్తే గదా అనేది!" అంది అక్కయమ్మ.

అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఆమె బుర్ర కదిలింది. నీళ్లు పోస్తే సారు చచ్చిపోతుంది. అన్నం ఇంత ఉప్పును ఆపలేదు. ఉప్పు వేయకుండా వండేది, ఈ సారును ఓర్చుకునేది ఇంట్లో ఒకటే ఉంది.

"చెన్నమ్మా, ఎసరు పెట్టు. రాగిముద్ద కెలుకుదాం."

"పండగనాడా అత్తా?"

"వదినా, ఈ పూట గూడా మమ్మల్ని చేన్లో మడక తోలేదానికి పంపిస్తావా యేమి?"

"పంపించన్లేప్పా. తిని పండుకో."

పాపన్న గొంతు సవరించుకున్నాడు. ఉగాదినాడు ఆకులో ముద్ద పడితే ఏడాదంతా ఇంటికి బియ్యం రావని వాళ్లమ్మ నమ్మకం.

"మా అమ్మ ఉంటే ఒప్పుకునేది కాదు."

"మీయమ్మ ఉంటే ఉప్పు ఆయమ్మే ఏసేది. ఇప్పుడు నేను చెప్తాండాను."

పాపన్న ఆకును ముందుకు జరుపుకున్నాడు.

పొగలు కక్కుతూ ముద్దలు వచ్చాయి. అక్కయమ్మ సారు కొద్దికొద్దిగా పోసింది. నంజప్ప ముద్ద తుంచి, సారులో అద్ది, మింగాడు. ఇంకో తుంపు మింగాడు. హాస్యమంతా ఎటో పోయింది.

"ఇంకో ముద్ద ఉండాదా వదినా?"

పాపన్న తలెత్తకుండానే తన ఆకు మీద వేలితో తట్టాడు.

మగవాళ్లు లేచాక అత్తాకోడళ్లు ఆకులేసుకున్నారు.

"వచ్చే ఏడూ ఉప్పు నేనే ఏస్తా," అంది అక్కయమ్మ. "దేవుడికి పెట్టకముందే నువ్వు రుచి చూడు."

"తప్పు గదా అత్తా?"

"దేవుడికి ఉప్పు కషాయం పోసేది తప్పు కాదా?"

ముద్దను నమలరు, మింగుతారు. అక్కయమ్మ ఒక తుంపు మింగింది. రుచేమీ తెలియలేదు. వేడి మాత్రం గొంతులోంచి కడుపు దాకా నిండుగా దిగింది. పక్కన చెన్నమ్మ సారు కుండ వంచితే గరిటె అడుగున గీసుకుంది.

"అయిపోయిండాది అత్తా! ముద్దే మిగిలిండేది."

జ్వరం తర్వాత మొదటిసారి అక్కయమ్మకు ఆకలి వేసింది.

"అయితే అదే ఇంకొకటి నాకు పెట్టు," అంటూ చెయ్యి చాచింది.