మారేడు మొదలు

రుద్రమ్మ బస్తాను తల మీద నుంచి దించకుండానే మోకాలితో గేటు తోసింది. బస్తాలో ఉన్నవి శివుడి మీంచి తీసిన పూలు. వాటిని రోడ్డు మీద దించకూడదు. పంజాగుట్ట చౌరస్తా వెనక సందులో ఉన్న శివాలయం నుంచి అమీర్‌పేటలోని ఈ ఇంటిదాకా, మెట్రో స్తంభాల పక్కన, ఆటోల మధ్య, మెడ బిగబట్టుకొని ఆమె రోజూ ఇలాగే నడిచివస్తుంది.

పెరట్లో కూర్చొని దండల్లోంచి దారాలు లాగసాగింది. బంతి, చామంతి, అభిషేకం పాలకు మెత్తబడిన మారేడు దళాలు. ఆ దళాల్లో కొన్ని ఈ పెరటి చెట్టువే. ప్రతి సోమవారం ఆమె కోసుకెళ్లి ఇచ్చినవి శివుడి తల మీదికెక్కి, మళ్లీ ఆమె తల మీదే తిరిగి వచ్చేవి.

ఇల్లు అరుణాదేవిది. గేటు పక్క గది రుద్రమ్మ దంపతులది. భర్త పోచయ్య ఈ ఇంటికి వాచ్‌మన్. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయినప్పటి నుంచి మంచం మీదే ఉన్నాడు. అప్పుడే ఆమె శివుడికి మొక్కుకుంది: ఈ మారేడు ఆకు వాడకుండా చూసుకుంటాను, నా మనిషిని నువ్వు చూసుకో అని. మొక్కు ఎవరికీ చెప్పలేదు.

మట్టి పని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. "ఎండకు నేలను ఉత్తగ ఇడిశిపెట్టొద్దమ్మా, పసిపిల్లగాని నెత్తి లెక్క," అనేది అరుణాదేవితో. చెరుకురసం బండివాడి దగ్గర పిప్పి, వీధి ఊడ్చేవాళ్ల దగ్గర ఎండుటాకులు తెచ్చి మల్లెపాదుల్లో, వంగమడిలో పలచగా పరిచేది. ఆకులు తొలగించి చూస్తే కింద మట్టి నడివేసవిలో కూడా చల్లగా, వానపాములతో కదులుతూ ఉండేది.

దేవుడి పూలను మాత్రం అలా పరవలేకపోయింది. పెరట్లో మనుషులు తిరుగుతారు, బట్టలు ఆరేస్తారు, పిల్లులు పోతాయి. శివనిర్మాల్యం తొక్కకూడదు, దాటకూడదు అని గుడి అయ్యగారు చెప్పారు. అందుకని మూలనున్న మారేడు చుట్టూ ఇటుకలు పేర్చి, పూలన్నీ మొదలుకు ఆనించి పోసింది. పోసిన మీదే పోస్తూ వచ్చింది. ఇప్పుడా కుప్ప ఆమె నడుము దాకా ఉంది.

ఈ రోజు శ్రావణ సోమవారం. ఆమె చెయ్యి చాపి కొమ్మను పట్టుకుంది. తుంచకముందే దళాలు రాలి అరచేతిలో పడ్డాయి. పసుపుపచ్చగా ఉన్నాయి. వారం కిందట ఒక కొమ్మే అలా ఉండేది.

గదిలోంచి స్టీలు గ్లాసుతో గోడ మీద కొట్టిన చప్పుడు. ఆమె గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"ఏందయ్యా?"

"చెట్టు ఎట్లున్నది?" పోచయ్య మాట ముద్దగా వచ్చింది. "నాకంటే మంచిగున్నదా?"

"దానికేమైంది? నీ లెక్క మూతి వంకర పెట్టుకోలే."

అతను నవ్వాడు. సగం మొహమే నవ్వింది.

పొద్దెక్కాక నర్సరీ దుర్గేష్ అరుణాదేవికి కుండీలు తెచ్చాడు. రుద్రమ్మ అతని చెయ్యి పట్టుకొని మూలకు తీసుకెళ్లింది.

"మెడదాంక దుప్పటి కప్పి మంచిగ పండవెట్టినవ్ పెద్దమ్మా," అని నవ్వుతూ కుప్పలోకి చెయ్యి దూర్చాడు. లోపల వేడిగా ఉంది. కుళ్లిన వాసన గుప్పుమంది. గోరుతో గీరితే బెరడు ఉడికిన కందలా ఊడివచ్చింది. అతని నవ్వు ఆగిపోయింది.

"నేల కప్పుడు మంచిదే. గని మొదలుకు అంటియ్యద్దు. జానెడు జాగ ఇడవాలె, గాలాడాలె."

"దేవుని పూలు బిడ్డా. కాళ్ల కింద పడ్తయని…"

"దేవునివైనా కుళ్లుతయి గద పెద్దమ్మా."

"బతుకుతదా?"

దుర్గేష్ చేతిని ఇటుకకు తుడుచుకున్నాడు. "జర తీసి సూడు. బెరడు చుట్టూతా పోకుంటే బతుకుతది," అని బండి దగ్గరికి వెళ్లిపోయాడు.

రుద్రమ్మ ఉతికిన చీర తెచ్చి పెరట్లో పరిచింది, పూలు నేలను తాకకుండా. రెండు చేతులా తీసి దాని మీద పోయడం మొదలుపెట్టింది. పైన పూలు, కింద బురద, ఇంకా కింద నల్లటి జిగురు. పోసిన ప్రతిసారీ చీరను దాటకుండా గోడవైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చేది.

అరుణాదేవి వంటింటి కిటికీలోంచి పిలిచింది. "ఏంటి రుద్రమ్మా, ఎండితే ఎండింది, ఇంకోటి వేసుకుందాం. ముందు ఆయనకి అన్నం పెట్టు."

"పెడ్తనమ్మా."

గ్లాసు చప్పుడైంది.

"వస్తున్ననయ్యా, జర ఆగు!"

మళ్లీ అయింది. ఈసారి గట్టిగా, గబగబా.

"చేతులు మంచిగ లేవు. అచ్చిన, అచ్చిన!"

తర్వాత చప్పుడు లేదు. నిద్రపోయినట్టున్నాడు, మంచిదే అనుకుంది. మొదలు బయటపడింది. ఒక పక్క తడిమింది, ఊడింది. రెండో పక్క తడిమింది. వెనక్కి వెళ్లి చూసింది. చుట్టూ ఎక్కడా అరచేతి వెడల్పు గట్టి బెరడు లేదు. ఊడిన పెచ్చును తిరిగి కాండానికి అదిమిపట్టి చాలాసేపు అలాగే కూర్చుంది. చెయ్యి తీస్తే అది పడిపోయింది.

కుళాయి కింద చేతులు కడుక్కొని, చీర మీది పూలకుప్పను దాటకుండా చుట్టూ తిరిగి గదికి వెళ్లింది.

పోచయ్య మంచం మీద లేడు. గడప దగ్గర బోర్లా పడి ఉన్నాడు. ఇక తొడగడని తెలిసినా ఆమె తుడిచి మంచం కింద పెట్టిన తన చెప్పులను లాక్కున్నట్టున్నాడు. కుడికాలికి ఒకటి ఉంది. ఒళ్లు ఇంకా వెచ్చగా ఉంది. అరుణాదేవి ఫోన్ చేస్తే వచ్చిన డాక్టరు వంగి చూసి, తల అడ్డంగా ఊపాడు.

రుద్రమ్మ ఏడవలేదు. తన చేతులను ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసుకుంది. ఎంత కడిగినా పోలేదు. నీ పూలను కాళ్ల కింద పడనియ్యకపోవడం తప్పా సామీ అని లోపల అడిగింది. 

చీకటి పడకముందే మనుషులొచ్చారు. గేటు దగ్గర ఇరుకు, పాడెను పెరట్లోకి తెచ్చి తిప్పాల్సి వచ్చింది. మోసేవాళ్లు కిందికి చూడలేదు. చీరనూ పూలనూ తొక్కుకుంటూ వెళ్లారు. 

అందరూ వెళ్లాక అరుణాదేవి గదిలో దీపం పెట్టి వెళ్లింది. గడప లోపలి పక్క, పోచయ్య తొడుక్కోలేకపోయిన ఎడమకాలి చెప్పు, ముక్కు పెరటివైపు తిరిగి ఉంది.